ముందు నెమ్మదిగా నడపడం నేర్చుకోండి

పోయిన సంచికలో ఎలైట్ డేంజరస్ గురించి నాలుగు ముక్కలు రాశాను. ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా దాని మీదే ఉన్నాయి కాబట్టి శీర్షిక మొత్తం దానికే ఇస్తున్నాను. తెలియనివాళ్ళ కోసం ఒక పరిచయం. ఇది అంతరిక్ష నౌకను నడిపే కంప్యూటర్ ఆట. ఇంగ్లండ్‌లో కేంబ్రిడ్జ్‌కు చెందిన ఫ్రాంటియర్ డెవలప్‌మెంట్స్ సంస్థ 2014 డిసెంబరులో విడుదల చేసింది. 1984లో డేవిడ్ బ్రేబెన్, ఇయాన్ బెల్ అనే ఇద్దరు కేంబ్రిడ్జ్ విద్యార్థులు బీబీసీ మైక్రో కంప్యూటర్ కోసం రాసిన ఎలైట్ దీనికి మూలం. ఇందులో మన పాలపుంత మొత్తాన్ని అసలు కొలతలతోనే, 40 వేల కోట్ల నక్షత్రాలతో కట్టారు. చేతికి ఒక చిన్న షిప్ ఇచ్చి అందులో వదిలేస్తారు. ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెప్పే నాకు ఈ ఆట మీద ఎందుకంత ప్రేమో కింది జవాబుల్లో మీకే తెలుస్తుంది.

*మేడమ్, ఆట సేల్‌లో కొన్నాను. ట్రైనింగ్ కూడా పూర్తిచేశాను. కానీ స్టేషన్ లోపలికి వెళ్ళేటప్పుడు ప్రతిసారీ గోడకు కొట్టుకుంటున్నాను. యుద్ధం దాకా ఇంకా పోనేలేదు. ఇది నా వల్ల అవుతుందా?*
*– బీటెక్ విద్యార్థి, కాకినాడ*

అవుతుంది బాబూ. ముందు మెనూలో ఓపెన్ ప్లే వదిలేసి సోలో ఎంచుకో. గెలాక్సీ అదే, సంపాదన అదే, తక్కిన ఆటగాళ్ళు మాత్రం కనిపించరు. స్టేషన్ వాకిట్లో ఎవరో వెనకనుంచి వచ్చి గుద్దుతారన్న బెరుకు ఉండదు. తర్వాత మిషన్లూ డబ్బూ పక్కన పెట్టి, కొన్ని సాయంత్రాల పాటు ఒకే స్టేషన్ నుంచి బయటికి రావడం, మళ్ళీ దిగడం, ఇదే పనిగా పెట్టుకో. నీ చేతిలో ఉన్నది ఊరికే ఇచ్చిన సైడ్‌వైండర్. అది పేలిపోయినా ఇంకొకటి ఊరికే ఇస్తారు. ఇంత ధైర్యంగా నేర్చుకునే రోజులు ఆటలో మళ్ళీ రావు.

ఇక గోడల సంగతి. పెద్ద స్టేషన్లు లోపల గురుత్వం పుట్టడం కోసం తమ చుట్టూ తాము తిరుగుతుంటాయి. ద్వారం సరిగ్గా ఆ భ్రమణాక్షం మీద ఉంటుంది. అక్షం మీది బిందువు తిరుగుతుందే గానీ పక్కకు జరగదు, ఇది నువ్వు ఇంటర్లో చదివినదే. అందుకని ద్వారానికి ఏటవాలుగా వస్తే అది నీ ముందు ఊగుతున్నట్టు కనిపిస్తుంది. దూరంగా ఉండగానే అక్షం మీదికి వచ్చి ముక్కు సూటిగా పెడితే పక్కకు జరగకుండా ఉన్నచోటే తిరుగుతూ కనిపిస్తుంది. సాధారణంగా ద్వారం గ్రహం వైపు ఉంటుంది, అక్కడ వెతుకు. 7.5 కిలోమీటర్ల లోపలికి రాగానే 1 నొక్కి, ఎడమ ప్యానెల్లో కాంటాక్ట్స్‌కి వెళ్ళి డాకింగ్, అంటే స్టేషన్లో దిగడానికి అనుమతి అడుగు. అనుమతి ఇచ్చాక పది నిమిషాల సమయం ఉంటుంది. అది చాలా ఎక్కువ, కంగారు అక్కర్లేదు.

ద్వారం పక్కల ఎరుపు, ఆకుపచ్చ దీపాలుంటాయి. ఆకుపచ్చవి నీ కుడివైపు వచ్చేలా షిప్‌ను దొర్లించి, వేగం 50 ప్రాంతంలో ఉంచి లోపలికి పో. 100 దాటి ఎవరినైనా గుద్దితే జరిమానా పడుతుంది. లోపలికి వెళ్ళాక షిప్ స్టేషన్‌తో పాటు తనే తిరుగుతుంది, దాన్ని సరిచేయబోకు. నీ ప్యాడ్ నంబరు గాల్లో పెద్దగా కనిపిస్తుంది. దాని మీదికి వచ్చాక ఎల్ నొక్కి చక్రాలు దించు. ఇక్కడి నుంచి ముక్కు అటూ ఇటూ తిప్పొద్దు. క్యూ, ఇ కీలతో పక్కలకు, ఆర్‌తో పైకి, ఎఫ్‌తో కిందికి కొద్దికొద్దిగా జరుపు. కొత్తవాళ్ళు ప్యాడ్ దగ్గర ఇబ్బంది పడేది ఎక్కువగా ఈ నాలుగు కీలు ఉన్నాయని మరిచిపోవడం వల్లే.

డాకింగ్ కంప్యూటర్ ఉంటే అనుమతి వచ్చాక థ్రాటిల్ (వేగం పెంచి తగ్గించే మీట) సున్నా చేస్తే చాలు, అదే దింపేస్తుంది. దాన్ని వాడటం తప్పేమీ కాదు. కానీ చేత్తో దింపడం వచ్చాకే వాడమంటాను. డాకింగ్‌లో అలవడే చేతి నేర్పే రేపు యుద్ధంలో నిన్ను కాపాడుతుంది.

*జాయ్‌స్టిక్ కొనకుండా ఈ ఆట ఆడగలమా?*
*– బ్యాంకు ఉద్యోగి, హనుమకొండ*

నిక్షేపంగా ఆడొచ్చండీ. కీబోర్డు, మౌస్‌తో మొదలుపెట్టండి. ఆట మీద ఇష్టం నిలిస్తే అప్పుడు థ్రాటిల్‌తో కలిసి వచ్చే సెట్టు కొనండి. ఏది వాడినా పిచ్ (ముక్కు పైకీ కిందికీ ఎత్తడం), రోల్ (దొర్లడం) ప్రధానం, యా (ముక్కు పక్కలకు తిప్పడం) తక్కువ. ఈ ఆటలో ముక్కు పక్కకు చాలా మెల్లగా తిరుగుతుంది. షిప్‌ను దొర్లించి, ముక్కు పైకి లాగడమే అసలైన మలుపు. కార్ల ఆటల నుంచి వచ్చినవాళ్ళ చేతికి ఇది పట్టడానికి కొంచెం టైము పడుతుంది.

*సూపర్‌క్రూజ్‌లో ప్రతిసారీ స్టేషన్‌ను దాటి ముందుకు పోతున్నాను. వెనక్కి తిరిగి వచ్చేసరికి మళ్ళీ దాటిపోతున్నాను. ఎందుకిలా?*
*– పాఠకురాలు, విశాఖపట్నం*

దగ్గరపడ్డాక బ్రేకు వేస్తున్నారు, అందుకు. సూపర్‌క్రూజ్ అంటే ఒకే నక్షత్ర వ్యవస్థ లోపల చేసే వేగ ప్రయాణం, అందులో మీ వేగం కాంతి వేగానికి వందల రెట్లు ఉండొచ్చు. నక్షత్రాలూ గ్రహాలూ దగ్గరైతే తగ్గుతుంది తప్ప మీరు అనుకున్న చోట ఆగదు. గమ్యం పేరు కింద ఇంకా ఎంత సమయం పడుతుందో చూపిస్తుంది కదా, అది 7 సెకన్లకు రాగానే థ్రాటిల్‌ను 75 శాతానికి తగ్గించి వదిలేయండి. ఆ అంకె 6, 7 దగ్గరే నిలబడి, దూరం తరిగేకొద్దీ వేగం దానంతటదే తరుగుతుంది. దిగొచ్చని తెరమీద కనిపించాక జె నొక్కండి. 5 కంటే కిందికి పడిందంటే దాటిపోవడం ఖాయం. అప్పుడు కంగారుగా వెనక్కి తిరక్కుండా దగ్గర్లోని గ్రహం వైపు కాస్త ఒరగండి. దాని గురుత్వం మీ వేగాన్ని లాగేస్తుంది.

*దొంగ షిప్‌లతో పోరాటంలో ప్రతిసారీ శత్రువు నా వెనకే ఉంటాడు. ఎంత బూస్ట్ చేసినా వదలడు. ఏ ఆయుధం కొనాలో చెప్పండి.*
*– సాఫ్ట్‌వేర్ ఇంజనీరు, డాలస్*

మీకు కావలసింది ఆయుధం కాదండీ. థ్రాటిల్ గీత మీద మధ్యలో నీలంరంగు భాగం ఉంటుంది, దాన్నే బ్లూ జోన్ అంటారు. వేగం అందులో ఉన్నప్పుడు షిప్ అన్నిటికంటే చురుగ్గా మలుపు తిరుగుతుంది. మీరు భయంతో పూర్తి వేగంలో ఉండి, మధ్యలో బూస్ట్ కూడా కొడితే మీ మలుపు పెద్ద వలయమవుతుంది. ఆ వలయం లోపలినుంచి వాడు తేలిగ్గా మీ వెనక చేరతాడు. ఘాట్ రోడ్డు మలుపులో లారీ డ్రైవరు వేగం ఎలా తగ్గిస్తాడో, శత్రువు మీ పక్కనుంచి దాటిపోయిన క్షణంలో మీరూ అలా తగ్గించండి. థ్రాటిల్ సగానికి దించి, దొర్లి, ముక్కు పైకి లాగుతూ ఆర్ కీతో పైకి తోసే థ్రస్టర్లు కూడా వాడండి. వాడు మీ కళ్ళముందుకు వస్తాడు. రాకపోతే థ్రాటిల్ వెనక్కి లాగి షిప్‌ను వెనక్కి నడపండి, ముక్కు మాత్రం వాడి వైపే ఉంచండి.

పవర్ పంచడం దీని తర్వాతి మెట్టు. కవచానికి సిస్, ఇంజన్లకు ఎంగ్, ఆయుధాలకు వెప్ అని మూడు గళ్ళుంటాయి. వాటికి పంచడానికి మొత్తం ఆరు పిప్‌లు (పవర్ చుక్కలు), ఒక్కో గడికి నాలుగు మించి వేయలేం. బాణం కీలతో మార్చాలి. దెబ్బలు తగులుతున్నంతసేపూ సిస్‌కు నాలుగు ఇవ్వండి, కవచం గట్టిపడుతుంది. మీరు కాల్చే వంతు వచ్చినప్పుడు వెప్‌కు మార్చండి. పారిపోవాలన్నా, వెంటపడాలన్నా ఎంగ్‌కు. కొత్తల్లో ఇది ఒకేసారి పట్టుబడదు. ముందు బ్లూ జోన్ ఒక్కటే సాధన చేయండి. థ్రాటిల్ వైపు చూడకుండా చేయి దానంతటదే సగానికి వచ్చేదాకా పిప్‌ల జోలికి పోవద్దు.

ఆయుధాల మాట అడిగారు కనుక చెబుతున్నాను: కవచం మీద లేజర్లు, కవచం పోయాక షిప్ ఒంటి మీద మల్టీ కానన్ (తూటాలు కాల్చే తుపాకీ) బాగా పనిచేస్తాయి. గింబల్ రకం తీసుకోండి, గురి కొంతవరకు అదే సర్దుకుంటుంది. సాధనకు రిసోర్స్ ఎక్స్‌ట్రాక్షన్ సైట్లు, అంటే ఖనిజాలు తవ్వే చోట్లున్నాయి. ప్రమాదకరం అని రాసివున్న దానికి మాత్రం ఇప్పుడే వెళ్ళవద్దు, అక్కడ పోలీసులుండరు. మిగతా చోట్ల పోలీసులు దొంగల్ని తరుముతుంటారు. వాళ్ళు కాలుస్తున్న షిప్‌ను మీరూ ఎంచుకుని, స్కాన్ పూర్తయి వాంటెడ్ అని కనిపించేవరకు ఆగండి. తొందరపడి నేరం లేనివాణ్ణి కాల్చారంటే మీ తల మీదే వెల పడుతుంది, అదే పోలీసులు మీ మీదికి తిరుగుతారు. దొంగల్ని కూల్చి సంపాదించిన బహుమతి రసీదుల్ని ఎప్పటికప్పుడు స్టేషన్లో మార్చుకోండి. షిప్ పేలితే అవీ పోతాయి.

ఫ్లైట్ అసిస్ట్ గురించి కూడా ఒక మాట. జెడ్ నొక్కి దాన్ని ఆపేస్తే ఇంజన్లు ఆపినా షిప్ అదే దిశలో జారుతూ పోతుంది, ముక్కు మాత్రం ఎటైనా తిప్పుకోవచ్చు. న్యూటన్ మొదటి నియమాన్ని చేత్తో పట్టుకున్నట్టుంటుంది, మా క్లాసులో నల్లబల్ల మీద ఎంత గీసినా పిల్లలకు ఆ అనుభవం ఇవ్వలేను. గరిష్ఠ వేగానికి హద్దు పెట్టడం మాత్రం ఆట రాసినవాళ్ళు చేసుకున్న సర్దుబాటు, నిజమైన అంతరిక్షంలో అలా ఉండదు. అయినా మొదటి నెలల్లో అసిస్ట్ ఆన్‌లోనే ఉంచండి.

*ఇంధనం అయిపోయి నడి అంతరిక్షంలో ఆగిపోయాను. ఇక షిప్‌ను పేల్చేసుకోవడమేనా?*
*– డిగ్రీ విద్యార్థి, నిజామాబాద్*

పేల్చుకోవద్దు. ఆక్సిజన్ టైమర్ తిరుగుతుంటే వెంటనే మెయిన్ మెనూకి వచ్చేసెయ్. ఫ్యూయల్ ర్యాట్స్ అనే ఆటగాళ్ళ బృందం ఉంది. కబురు పెడితే ఎంత దూరమైనా వచ్చి ఇంధనం పోసి వెళ్తారు, పైసా తీసుకోరు. ఆన్‌లైన్ ఆటల్లో నేను చూసిన అందమైన విషయాల్లో ఇదొకటి.

ఇక ముందు ఇలా జరగకుండా ఫ్యూయల్ స్కూప్ కొనుక్కో. నక్షత్రం పక్కనుంచి మెల్లగా పోతూ ఇంధనం పీల్చుకునే పరికరం అది. అయితే అన్ని నక్షత్రాలూ పనికిరావు. ఓ, బి, ఎ, ఎఫ్, జి, కె, ఎం తరగతులవి మాత్రమే. ఈ వరుస ఆట కోసం కల్పించింది కాదు. హార్వర్డ్ అబ్జర్వేటరీలో ఆనీ జంప్ కానన్ లక్షల నక్షత్రాల వర్ణపటాలు చూసి స్థిరపరచిన వర్గీకరణే. మన సూర్యుడు జి. గెలాక్సీ మ్యాప్‌లో ఈ ఏడింటినే ఉంచి మిగతావి తీసేస్తే దారి కళ్ళకు కనిపిస్తుంది. ఒక నక్షత్రం నుంచి ఇంకొకదానికి దూకిన ప్రతిసారీ నక్షత్రం ఎదురుగానే తేలతావు కనుక దూకేలోగానే ఎక్స్ నొక్కి థ్రాటిల్ సున్నా చేసి ఉంచు.

*కొంచెం డబ్బు చేరింది. ఏ షిప్ కొనాలి? ఒక్కరోజులో అనకొండ అనే ఖరీదైన పెద్ద షిప్ కొనే పద్ధతి వీడియోల్లో చూశాను.*
*– దుకాణదారు, గుంటూరు*

కోబ్రా మార్క్ 3 కొనండి. మూడున్నర లక్షల క్రెడిట్లకు అటూ ఇటూ ఉంటుంది. సరుకు మోస్తుంది, పోరాడుతుంది, అవసరమైతే పారిపోతుంది కూడా. 1984 నాటి ఆటలో ఆటగాడు నడిపిన షిప్ అదే. ఒక్కరోజు అనకొండల వీడియోలంటే నాకు కోపం. షిప్ పేలితే దాని విలువలో 5 శాతం కడితేనే తిరిగి ఇస్తారు. అనకొండ కొని చేతులు ఖాళీ చేసుకున్నవాడి దగ్గర ఆ 5 శాతం ఉండదు, నడపడమూ వచ్చివుండదు. మొదటి యుద్ధంలోనే సర్వం పోతుంది. ఆ సొమ్ము చేతిలో లేకుండా ఏ షిప్‌నూ స్టేషన్ దాటించకండి.

*ఆల్ఫా సెంటారీలోని హట్టన్ ఆర్బిటల్‌కి వెళ్తే అనకొండ ఉచితంగా ఇస్తారట, నిజమేనా?*
*– తొమ్మిదో తరగతి విద్యార్థిని, హైదరాబాద్*

కాదమ్మా. పాత ఆటగాళ్ళు కొత్తవాళ్ళని ఆటపట్టించడానికి చెప్పే మాట. ఆ స్టేషన్ నువ్వు తేలే నక్షత్రానికి 0.22 కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. మామూలు డ్రైవ్‌తో గరిష్ఠ వేగం కాంతికి 2001 రెట్లు. లెక్క నువ్వే కట్టు: 0.22ను 2001తో భాగించి, సంవత్సరాన్ని నిమిషాల్లోకి మార్చితే సుమారు 58 వస్తుంది. వేగం పుంజుకోవడానికీ తగ్గడానికీ పట్టే సమయం కలిపితే గంటన్నర దాకా అవుతుంది. అక్కడ అనకొండ ఉండదు, హట్టన్ పేరుతో ఒక కప్పు మాత్రం అమ్ముతారు. లెక్క సరిపోయిందో లేదో చూడాలనిపిస్తే సెలవు రోజున తప్పకుండా వెళ్ళు. మొదట తేలే ఆల్ఫా సెంటారీ ఎ జి తరగతి నక్షత్రమే కాబట్టి, బయల్దేరేముందు అక్కడే ట్యాంకు నింపుకో.