చేర్యాల పద్ధతిలో (గుడ్డ మీద కథలను బొమ్మలుగా వేసే తెలంగాణ కళ) ఇంటి పనుల బొమ్మలు వేయాలంటే గుడ్డ ఎట్లా తయారు చేయాలి? నా గుడ్డ మీద పూత పెచ్చులెందుకు లేస్తోంది?

చేర్యాల (2016 దాకా వరంగల్ జిల్లానే, ఇప్పుడు సిద్దిపేట) చిత్రకారులు కులపురాణాలతో పాటు బీడీలు చుట్టడం, రోట్లో దంచడం లాంటివీ వేస్తున్నారు. ఏం బొమ్మ వేయాలన్నది ఇంట్లోనే దొరుకుతుంది, కష్టమంతా గుడ్డ దగ్గరే.

ఖాదీ గుడ్డ తీసుకోండి. చింతగింజలు రాత్రంతా నానబెట్టి, పొట్టు తీసి, మెత్తగా రుబ్బి, నీళ్లు పోసి సన్నసెగ మీద చిక్కబడేదాకా కలుపుతూ ఉడికించాలి. అందులో గంజి, జల్లించిన సుద్దమట్టి, కాస్త తుమ్మజిగురు కలిపి మూడు పూతలు వేయాలి. ఒకటి పూర్తిగా ఆరాకే ఇంకోటి. లోపలి పూత పచ్చిగా ఉంటే, లేదా సుద్ద ఎక్కువై జిగురు తగ్గితే, గుడ్డ చుట్టగానే పెచ్చులు లేస్తాయి. మీ గుడ్డకు జరిగింది ఈ రెంట్లో ఒకటే అయ్యుంటుంది. మిగిలిన చింతగింజల జిగురు దాచొద్దు, పులుస్తుంది.

పెన్సిల్ వద్దు, కుంచెతోనే గీయండి. తర్వాత బొమ్మల చుట్టూ ఉన్న నేపథ్యమంతా ఎరుపు నింపాలి. ఇక్కడే చాలామంది చిక్కుల్లో పడతారు: ఎర్రచీర కట్టిన మనిషి ఆ ఎరుపులో కలిసిపోతుంది. ఆకుపచ్చ చీరకు పసుపు అంచు వేస్తే నిలుస్తుంది. బొమ్మలో గడప ఉంటే దానికి ముందు పసుపు నింపి, ఆరాక కుంకుమ బొట్లు పెట్టండి. నల్లగీత అన్నిటికంటే చివర.