ఫ్రిజ్ లేని గదిలో తాజా కూర

ప్రశ్న: మేడమ్, మాది వనపర్తి జిల్లా. హైదరాబాద్‌లో డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను. మెహిదీపట్నంలో ముగ్గురం అమ్మాయిలం ఒకే గదిలో ఉంటున్నాం. ఒక ఎలక్ట్రిక్ రైస్ కుక్కర్ తప్ప పొయ్యి, ఫ్రిజ్ లేవు. తిండికి నెలకు ఒక్కొక్కరం 2,500 రూపాయలకు మించి పెట్టలేం. అన్నం వండుకొని కర్రీ పాయింట్ నుంచి కూర తెచ్చుకుంటున్నాం. రోజూ అదే నూనె, అదే మసాలా. పోనీ అని ఆదివారం వారానికి సరిపడా కూరగాయలు కొంటే బుధవారానికి సగం పారేయాల్సి వస్తోంది. తాజా కూరలు మాలాంటి వాళ్లకు అందేవేనా?

జవాబు: అందుతాయి తల్లీ. నీ ఉత్తరంలో డబ్బు లెక్క కన్నా ఆ బుధవారం సంగతే నన్ను ఎక్కువ బాధపెట్టింది. ఇరవై రూపాయలకు కిలో కొని సగం పారేస్తే మీరు తిన్నది నలభై రూపాయల కూర. ముందు ఆ దారి మూసేద్దాం.

1986లో నేను కోఠీ మహిళా కళాశాలలో చదివేటప్పుడు చాదర్‌ఘాట్‌లో నలుగురం ఒక గదిలో ఉండేవాళ్లం. మాలో ఒకమ్మాయిది సూర్యాపేట దగ్గర పల్లె. మీరాలం మండి నుంచి సంచీ రాగానే చాప మీద గుమ్మరించి, కూరగాయలను వాటి ఆయుష్షును బట్టి వరుసగా పేర్చేది. ఈ చివర తోటకూర, పాలకూర: అవి ఆ పూటే వండాలి. పక్కన బెండ, బీర: మర్నాటికి. ఆ తర్వాత వంకాయ, దొండ. గోడ వైపు కంద, ఆలుగడ్డ, గుమ్మడి, సొరకాయ. కోయని సొరకాయ నాలుగైదు రోజులు నిలుస్తుంది, కోస్తే మాత్రం మర్నాటికి ఉంచకూడదు. ఆ వరుస తప్పి ఎవరైనా ముందుగా ఆలుగడ్డ మీద చెయ్యి వేస్తే ఊరుకునేది కాదు. ఆ ఏడాది మేము పారేసింది దాదాపు ఏమీ లేదు.

మీరూ అదే చేయండి. ఆదివారం ఒకసారి, గురువారం ఒకసారి బజారుకు వెళ్లండి. మీకు దగ్గరలోనే రైతు బజారు ఉంది. 1999లో ఈ బజార్లు మొదలుపెట్టిందే రైతు నేరుగా అమ్ముకోవాలని. చేవెళ్ల, శంకర్‌పల్లి వైపు పండే కూరగాయలు అక్కడికి చేరేది కొన్ని గంటల్లోనే. ధరల బోర్డు చదవకుండా లోపలికి వెళ్లకు. ఏం వండాలో ఇంట్లో నిర్ణయించుకొని వెళ్లకు, ఆ రోజు ఏది చవకో బోర్డును చూసి నిర్ణయించుకో. పావు కిలో అడగడానికి మొహమాటపడకు. కరివేపాకు రెబ్బలు కొసరు అడుగు, చాలామంది కాదనరు. ఆకుకూరలు సాయంత్రం ఇంకా తగ్గుతాయి, మర్నాటికి వాడిపోతాయి కాబట్టి అమ్మేవాళ్లు ఇచ్చేస్తారు. ఆ రాత్రే వండుకునే మీకు అంతకన్నా ఏం కావాలి?

బెండకాయ కొస విరిస్తే టక్కున విరగాలి. వంకాయ తొడిమ పచ్చగా ఉండాలి. తోటకూర ఆకుకు ఒకటి రెండు చిల్లులున్నా తీసుకో, వాడిన కాడ మాత్రం వద్దు. గదికి రాగానే కట్టకున్న తాడు విప్పేయాలి. కట్ట బిగువుగా ఉంటే లోపలి ఆకు ఉక్కకు కుళ్లుతుంది. తడిపి గట్టిగా పిండిన నూలు గుడ్డలో వదులుగా చుట్టి, కిటికీ దగ్గర నీడలో పెడితే మర్నాటి పొద్దుటి దాకా దిగులు లేదు.

ఇక వంట. మీ కుక్కర్‌లో కందిపప్పు ఉడకడానికి చాలాసేపు పడుతుంది, పెసరపప్పుతో మొదలుపెట్టు. గిన్నె వేడెక్కాక చెంచా నూనె, ఆవాలు, జీలకర్ర, రెండు పచ్చిమిరపకాయలు వేయి. అవి చిటపటలాడాక అరగంట నానిన పప్పు, పసుపు, పప్పుకు మూడింతలు నీళ్లు. మూత కొంచెం వారగా పెట్టు, లేకపోతే పొంగుతుంది. పప్పు వేలితో నలిపితే మెదిగేలా ఉడికిన తర్వాతే తరిగిన తోటకూర, ఉప్పు, చివరికి టమాటా వేయాలి. పులుపు ముందే పడితే పప్పు మెత్తబడదు. చాలామంది పప్పు బాగాలేదని తిట్టుకుంటారు కానీ తప్పు ఆ టమాటాది. వర్షాకాలం మొదట్లో టమాటా ధర మండిపోతే దాని జోలికే వెళ్లకు, చుక్కకూర కట్ట ఒకటి చాలు.

హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన సూచనల ప్రకారం మనిషికి రోజుకు ఆకుకూరలతో కలిపి 400 గ్రాముల కూరగాయలు కావాలి. మీ ముగ్గురికీ కిలో పైమాటే. ఇప్పుడే అంత తినలేమని వదిలేయకండి, సగంతో మొదలుపెట్టండి. ఇంటికి వెళ్లినప్పుడు పల్లీలు తెచ్చుకో, మీ వనపర్తి వైపు పంట మంచిది. అమ్మ చేత పల్లీల పొడి కొట్టించుకుంటే రెండు వారాలకు ఫ్రిజ్ అక్కర్లేదు. పరీక్షల రోజుల్లో అన్నం, ఆ పొడి, ఉడికించిన గుడ్డు, ఉల్లిపాయ ముక్క. గుడ్డులో ఆరు గ్రాముల దాకా మాంసకృత్తులు ఉంటాయి. ఆ రోజుల్లో కూడా కర్రీ పాయింట్ దాకా వెళ్లాల్సిన పని ఉండదు.

ప్రశ్న: విశాఖపట్నంలో ఇంజినీరింగ్ చదువుతున్నాను. హాస్టల్ గదిలో వంట చేయనివ్వరు. మెస్‌లో కూర అంటే వారంలో నాలుగు రోజులు ఆలుగడ్డే. రోజుకు 30 రూపాయలు పెట్టగలను. తాజాగా ఏం తినాలి?

జవాబు: బాబూ, ఆ ముప్పై రూపాయలు ఆపిల్‌కు పెట్టకు. నీకు అరకు, పాడేరు దగ్గర. ఏజెన్సీ నుంచి శీతాకాలం ముందు సీతాఫలాలు, వేసవిలో పనస వస్తాయి, వానల్లో అనాస వస్తుంది. అన్నింటికన్నా చవక జామ. బత్తాయి కన్నా అందులో విటమిన్ సి ఎన్నో రెట్లు ఎక్కువ. కీరా, క్యారెట్ కడిగి అలాగే తినవచ్చు. మెస్ పప్పు మీద అర నిమ్మచెక్క పిండుకో, పప్పులోని ఇనుము ఒంటికి బాగా పడుతుంది. భోజనం అయిన వెంటనే టీ తాగితే ఆ మేలు తగ్గుతుంది, గంట ఆగు. ఇంకో మాట. మెస్ కమిటీలో విద్యార్థులు ఉంటే వారానికి రెండు రోజులు ఆకుకూర పప్పు పెట్టమని రాసి ఇవ్వండి. ఒక్కడివి కాకుండా పదిమంది సంతకాలతో ఇవ్వండి.

ప్రశ్న: ఆకుకూరల మీది మందులు ఉప్పునీళ్లతో పోతాయా?

జవాబు: పైనున్న మట్టి, కొంత మందు పోతాయి. ఆకు లోపలికి దిగింది పోదు, అందుకు ఉప్పు అయినా పసుపు అయినా ఒక్కటే. కాబట్టి ఎక్కడ పండిందో అడిగి కొనండి. మురుగునీటి కాలువ పక్కన పండిన కూర ఎంత నవనవలాడుతున్నా నేను కొనను. కడగడం మాత్రం తరగక ముందే, వెడల్పు గిన్నెలో నిండా నీళ్లు పోసి. ఆకును నీళ్లలో ఆడించి చేత్తో పైకి తీయాలి, గిన్నెను వంచి నీళ్లు పారబోయకూడదు. వంచితే అడుగున చేరిన ఇసుక మళ్లీ ఆకుల మీదికే వస్తుంది. గిన్నె అడుగున ఇసుక కనిపించకుండా పోయే వరకూ నీళ్లు మారుస్తూ ఉండండి.