పాతవి మర్చిపొమ్మంటున్నది ఎవరు?

తిరుపతి నుంచి నలభై ఏడేళ్ల గృహిణి రాశారు: "1998లో బీఎస్సీ అయ్యాక నాకు పద్మావతి మహిళా విశ్వవిద్యాలయంలో ఎమ్మెస్సీ సీటు వచ్చింది. ఆ ఏడే తమ్ముడికి ఇంజనీరింగ్ ఫీజు కట్టాలని నాన్న నన్ను చేర్చలేదు. మరుసటేడు పెళ్లి చేసేశారు. నాన్న పోయాక అమ్మ నా దగ్గరే ఉంటోంది. బంగారుపాళ్యం దగ్గరున్న తాతల నాటి మామిడి తోపు తన పేరు మీదికి మార్చుకుంటానని, సంతకం పెట్టమని తమ్ముడు అడుగుతున్నాడు. 'పెట్టేయమ్మా, పాతవన్నీ ఇప్పుడేల' అంటోంది అమ్మ. అప్పటి నుంచి నాకు నిద్ర పట్టడం లేదు. వాణ్ణి కాణిపాకం తీసుకెళ్లి ప్రమాణం చేయించాలనిపిస్తోంది. గతాన్ని తలచుకోవడం మంచిదా, చెడ్డదా? ఎలా మర్చిపోవాలి?"

అమ్మా, మర్చిపోయే ఉపాయం నేను చెప్పను. మీరు మర్చిపోతే ఎవరికి లాభమో చూడండి. తోపు ఎవరికి వెళ్తుందో వాళ్లకే కదా!

కోపం తమ్ముడి మీద చూపిస్తున్నారు గానీ, మీ నొప్పంతా అమ్మ దగ్గరే ఉంది. ఆ రోజుల్లో నాన్న మాటకు ఎదురు చెప్పే అధికారం ఆమెకు లేకపోయి ఉండవచ్చు. మన ఇళ్లలో చాలామంది తల్లుల పరిస్థితి అదే, కాబట్టి ఆనాటి మౌనానికి ఆమెను తప్పుపట్టను. ఇప్పుడు నాన్న లేరు. ఆమె ఉంటున్నది మీ ఇంట్లో, తింటున్నది మీ చేతి వంట. అయినా మళ్లీ కొడుకు వైపే మాట్లాడుతోంది. మీకు నిద్ర పట్టనిది 1998 వల్ల అనుకుంటున్నారు. కాదమ్మా, ఈ నెలలో మీ వంటింట్లో వినబడిన మాట వల్ల.

గతం గురించి మీరడిగారు కాబట్టి చెబుతాను. "నాకే ఎందుకిలా జరిగింది" అని ఒకే బాధను తిప్పి తిప్పి తలచుకునేవాళ్లలో దిగులు ఎక్కువకాలం ఉంటుందని మనస్తత్వ శాస్త్రజ్ఞులు గమనించారు. జరిగినదాన్ని, అప్పుడు మనసుకు ఏమనిపించిందో సహా, కూర్చుని కాగితం మీద పెట్టడం వేరు. 1980లలో అమెరికాలో కొందరు కాలేజీ విద్యార్థుల చేత రోజుకు పావుగంట చొప్పున నాలుగు రోజులు అలా రాయించారు. రాస్తున్నప్పుడు వాళ్లకు బాధ పెరిగింది, తర్వాతి నెలల్లో మాత్రం డాక్టరు దగ్గరికి వెళ్లడం తగ్గింది. మీరూ రాయండి. ఎవరికీ చూపించక్కర్లేదు.

కాణిపాకం ఆలోచన మానుకోండి. అక్కడ ప్రమాణం చేయించేది జరిగినదాన్ని కాదనేవాళ్ల చేత. మీ ఇంట్లో ఎవరు కాదన్నారు? అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనడం లేదంతే.

అందుకే అమ్మతో మాట్లాడండి. తమ్ముడు, మీ ఆయన లేనప్పుడు, భోజనాలయ్యాక పక్కన కూర్చుని, "నా సీటు పోయినప్పుడు నీకేమనిపించిందమ్మా?" అని అడగండి. నిలదీసినట్టు కాదు, నిజంగా తెలుసుకోవాలని అడగండి. ఆమె ఏడవవచ్చు, కసురుకోవచ్చు, మాట మార్చవచ్చు. ఏమన్నా సరే, మీ కష్టం ఆమె చెవిన పడాలి. తల్లిని చూసుకోవడం మన ధర్మం, అందులో మీరు ఏ లోటూ చేయకండి. కానీ నోరు కట్టుకుని చేసే సేవ మనిషిని లోపల తినేస్తుంది. ఆ సేవలో ప్రేమ కూడా ఎక్కువకాలం నిలవదు.

తోపు సంగతి క్లుప్తంగా. 1985 సెప్టెంబరు 5 నాటికి పెళ్లి కాని ఆడపిల్లలకు మన రాష్ట్రంలో ఉమ్మడి ఆస్తిలో కొడుకులతో సమాన హక్కు ఉంది. హిందూ వారసత్వ చట్టానికి 2005లో చేసిన సవరణతో అది దేశమంతటా వచ్చింది. ఇదివరకే పద్ధతి ప్రకారం భాగ పంపకాలు జరగకపోయి ఉంటే అందులో మీ వాటా ఉంటుంది. కాగితాలు ఒక లాయరుకు చూపించండి. వాటా తీసుకుంటారో, తమ్ముడికే ఇచ్చేస్తారో మీ ఇష్టం. ఇచ్చేస్తే మీ చేత్తో, మనసారా ఇవ్వండి. అమ్మ ముఖం చూసి మొహమాటంతో మాత్రం సంతకం పెట్టకండి.

నిద్ర ఇలాగే కరువైతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చేయండి. ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు. ఈలోగా తమ్ముడు మళ్లీ ఫోన్ చేస్తే, "ముందు అమ్మతో మాట్లాడాలి, తర్వాత చెప్తాను" అనండి.