పున్నమి కాదమ్మా, బహుళ అష్టమి

అమ్మాయీ,

నీ ‘పున్నమి తల్లి’ కథ అందింది. మొదటిసారి చదివినప్పుడు బాగుందనుకున్నాను. రెండోసారి అనుమానం వచ్చింది. మూడోసారి లేచి గోడ మీది క్యాలెండర్ దించాను.

పెర్త్ నుంచి విమానమెక్కి హిందూ మహాసముద్రంలోని క్రిస్మస్ దీవికి వెళ్ళి, అడవి నుంచి ఒడ్డుకి ఎర్ర పీతల వలస కళ్ళారా చూసి రాశానన్నావు. చూశావని తెలుస్తోంది. రోడ్డు మూసేసిన చోట ఒకాయన రేక్ పట్టుకుని పీతల్ని ఓపిగ్గా పక్కకి లాగుతుంటే తారు మీద వాటి గోళ్ళు గీసుకున్న చప్పుడు రాశావే, అది నీ సొంతం. ఆ తర్వాతే చెడగొట్టావు. నిండు పున్నమి వెన్నెల్లో తల్లి పీత గుడ్లని అలలకి అప్పగించి కన్నీళ్ళతో నిలబడిపోయిందట. నువ్వు రోడ్డు చూశావు, ఒడ్డు చూడలేదు.

అక్కడి ఎర్ర పీత గుడ్లు వదిలేది పున్నమికి కాదు. బహుళ అష్టమి ప్రాంతంలో ఓ 5, 6 రాత్రులు, తెల్లవారకముందు, పోటు నిండి నీళ్ళు తియ్యడం మొదలయ్యే వేళకి. కృష్ణాష్టమికి ఉపవాసం ఉండే మీ అమ్మమ్మని అడిగినా చెబుతుంది, అష్టమి చంద్రుడు అర్ధరాత్రికి గానీ రాడని, వచ్చినా సగమేనని. మనవాళ్ళు అష్టమి నాడు ఊరు కదలరు. వాటికి అదే ముహూర్తం.

ఎందుకంటావా? పున్నమికీ అమావాస్యకీ సముద్రం బాగా పొంగుతుంది, బాగా వెనక్కి పోతుంది. అష్టమికి ఆ తేడా తక్కువ. నీళ్ళు చాలాసేపు దాదాపు ఒకే మట్టంలో ఉంటాయి. పెద్ద ఎర్ర పీత అడవిలో బతికేది, సముద్రంలో పడితే మునిగి చస్తుంది. అందుకని నీళ్ళు అటూఇటూ పెద్దగా ఊగని రోజులు దానికి క్షేమమని అక్కడి పార్కువాళ్ళ లెక్క. రాతి అంచున గోళ్ళు బిగించి, తడి తగిలీ తగలనంత దగ్గరికొచ్చి, డెక్కలు పైకెత్తి ఒళ్ళు దులుపుతుంది. ఒక్కో పీతకి లక్ష గుడ్ల దాకా ఉంటాయి. నీళ్ళు తగలగానే అవి విచ్చుకుంటాయి. పిల్లల్ని వెనక్కి తీసే నీళ్ళు లాక్కుపోతాయి.

ఇప్పుడు నీ పున్నమి నాటికి ఆ తల్లి ఎక్కడుందో లెక్కవెయ్యి. గుడ్లని కడుపు కింద 12, 13 రోజులు మోస్తుంది. అష్టమి నుంచి వెనక్కి వస్తే శుద్ధ దశమి తేలుతుంది. అంటే పున్నమి రాత్రి అది మగపీత తవ్విన బొరియలో, చెమ్మలో, చీకట్లో కూర్చుని ఉంది. నీ రెండు పేజీల వెన్నెలా బయట వృథాగా కాసింది.

చాదస్తం అనుకో, పరవాలేదు. వేళ తెలియనిదే వాక్యం రాయకూడదని నలభై ఏళ్ళుగా మొత్తుకుంటున్నాను. దీనికి నేను తిన్న దెబ్బ ఉంది. మా ఊరు కాకినాడ దగ్గర. నా మొదటి కథలో ఒకడు శుద్ధ నవమి రాత్రి తొమ్మిదింటికి ఉప్పుటేరు నడిచి దాటతాడు. ఆ వేళకి నీళ్ళు తీసి ఉంటాయి, నేను మోకాళ్ళ దాకా దిగి మరీ చూశాను. పత్రికలో అచ్చయ్యేసరికి నవమి పున్నమైపోయింది! ఆర్టిస్టు గుండ్రటి చందమామని వేశాడట, బొమ్మ బాగా వచ్చిందట, అందుకని ఎడిటరుగారు తిథి దిద్దారు. వారం తిరక్కుండా మా వైపు పడవ మనిషి ఒకాయన కార్డు రాయించాడు. “పున్నమి రాత్రి తొమ్మిదింటికి ఏరు నిండా పోటు మీదుంటదండి. మీవోడు నడిచెళ్ళాడా, ఎగిరెళ్ళాడా?” ఆ ఎడిటరుగారికి ఆ కార్డు పంపాను. జవాబు లేదు. తర్వాత ఆయనకి ఏ కథా పంపలేదు. ఇప్పుడైతే ఫోన్లో చూసేవాళ్ళ కోసం ప్రతి కథకీ వెన్నెల ఫొటో అంటిస్తున్నారు, ఇక తిథి ఎవడిక్కావాలి!

పున్నమే కావాలంటే జపాన్ వెళ్ళు. అక్కడ అకాతెగాని అని కొండవాలుల్లో తిరిగే ఎర్రడెక్కల పీత ఉంది. అది పున్నమికీ అమావాస్యకీ, పొద్దుగూకాక పోటు చూసుకుని నీళ్ళలోకి దిగుతుంది. ఒడ్డు పీతల్లో చాలావాటికి రాత్రి పోటే ఇష్టం. చీకట్లో చేపల కళ్ళపడకుండా పిల్లలు ఆ నీళ్ళతోపాటు బయటికి పోతాయి. మరి నీ పీత వాటిలాగా పెద్ద పోటుని పట్టుకోకుండా చిన్న పోటుని ఎందుకు ఎంచుకుంది? కథ అక్కడుంది కదా! అష్టమి కదలదు. అడవి నుంచి ఒడ్డుకి కనీసం వారం నడక, అదీ వాన పడితేనే మొదలు. వాన ఆలస్యమైతే తిండి కోసం కూడా ఆగకుండా పరుగు. మరీ ఆలస్యమైతే వచ్చే నెల అష్టమి దాకా ఆగుతాయి. ఇంత టెన్షన్ ఉచితంగా దొరుకుతుంటే కన్నీళ్ళెందుకు?

ఇంకో మాట. గుడ్లు వదిలిన తల్లి నిలబడదు, అడవి దారి పడుతుంది. నీ కథలో నెల తిరిగేసరికి పిల్లలన్నీ వచ్చి తల్లిని కలుసుకున్నాయి. చాలా ఏళ్ళు ఒడ్డుకి ఒక్క పిల్లయినా రాదు, వచ్చినా వేళ్ళ మీద లెక్కపెట్టేన్ని. పదేళ్ళలో ఒకటి రెండుసార్లు మాత్రం, మూడు నాలుగు వారాల తర్వాత, 5 మిల్లీమీటర్ల పిల్లలతో రాళ్ళు ఎర్రబడిపోతాయి. పిల్లలు రాని సంవత్సరం గురించి రాయి. అది రాయగలిగితే నాకు మళ్ళీ పంపు.

పోటీకి పంపనా అని అడిగావు, ముందుమాట కూడా అడిగావు. తర్వాత చూద్దాం.

క్యాలెండర్లో నవంబరు, డిసెంబరు పేజీలు చింపి ఇందులో పెడుతున్నాను. రెండిట్లోనూ బహుళ అష్టమికి సున్నా చుట్టాను. ఏది పనికొస్తుందో అక్కడి వానే చెప్పాలి. ఇంట్లోవాళ్ళు చూడకముందే కవరు అంటించాలి, ఉంటాను.

నీ మాస్టారు