పిడికెడు బియ్యానికి లెక్క

ప్రియమైన తమ్ముడికి,

ప్రభువు నామంలో వందనాలు. నీ ఉత్తరం మొన్న శనివారం అందింది. పాస్టర్లని తయారుచేసే మన సెమినరీ లెక్కలు నీ చేతిలో పెట్టారని, జూలైలో బోర్డు కూర్చునేలోపు వార్షిక నివేదిక తయారు చేయాలని, టెన్షన్‌తో రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదని రాశావు. ఆ కుర్చీలో పదకొండేళ్లు కూర్చున్నవాణ్ణి, నీ బాధ నాకు తెలుసు. నాకు తెలిసిందంతా, నేను చేసిన తప్పుతో సహా, రాస్తున్నాను. తీరిగ్గా చదువు.

పాత నివేదికలు ముందేసుకుని కూర్చున్నానన్నావు. వాటిని కొన్నాళ్లు పక్కన పెట్టు. వచ్చే ఆదివారం మన పల్లె సంఘాల్లో ఏదో ఒకదానికి వెళ్లు. ఆరాధన అయ్యాక స్త్రీల సమాజం వాళ్లు బియ్యం కొలిచే చోట కాసేపు నిలబడు. పూటపూటా ఎసట్లో పోయబోయే బియ్యంలోంచి ఒక పిడికెడు తీసి, పొయ్యి పక్కనున్న చట్టిలో వేయడం మన తల్లుల అలవాటు కదా. ఆ చట్టి బియ్యమంతా ఆదివారం గుడికి తెచ్చి ఒకే గోనెసంచిలో పోస్తారు. వంగి చూడు. సన్నబియ్యం, దొడ్డుబియ్యం, రేషన్ బియ్యం, కొత్తవి, పాతవి కలిసి ఒకే సంచిలో నాలుగు రంగులు కనిపిస్తాయి. అలాంటి మూట మా మెస్సుకి వచ్చిన రోజు వంటామె నా గుమ్మంలోకొచ్చి నిలబడేది. "అయ్యగారూ, సగం మెత్తబడిపోతోంది, సగం ఇంకా పలుకుగానే ఉంటోంది, నేనేం చేసేది?" అనేది. ఆ అన్నం తినే నువ్వూ నేనూ చదువుకున్నాం. ఆ బియ్యం పోసినావిడకి నీ నివేదిక చదివి వినిపిస్తే అర్థం కావాలి. బోర్డు సభ్యులు, ఆడిటరు, బిషప్పుగారు అందరూ ఆవిడ తర్వాతే.

అందుకే నివేదిక తెలుగులోనే పుట్టాలి. ముందు ఇంగ్లిష్‌లో రాసి, తర్వాత ఎవరిచేతో తెలుగు చేయించి, అదీ టైము చాలక వదిలేసే పద్ధతి మనకి మిషన్ రోజుల నుంచి వచ్చింది. 1842లో లూథరన్ మిషనరీ ఫాదర్ హయ్యర్ గుంటూరులో అడుగుపెట్టిన దగ్గర్నుంచి చాలాకాలం డబ్బు సముద్రం అవతలి నుంచే వచ్చింది, కాబట్టి లెక్కా అక్కడికే వెళ్లింది. అది వాళ్లకి న్యాయమే. ఇప్పుడు మెస్సు పొయ్యి వెలుగుతున్నది ఇక్కడి కానుకలతో. లెక్క ఇక్కడివాళ్లకి అర్థమయ్యే మాటల్లో ఉండాలి. రెండు కాగితాలు చాలు. కానుక పట్టేముందు సంఘపెద్ద లేచి ఏడెనిమిది నిమిషాల్లో చదివేలా ఉండాలి. ఆడిటరు పట్టికలు వెనక జతచెయ్యి, కావాలన్నవాళ్లు చూసుకుంటారు.

ఇక ఏం రాయాలి. ఎంతమంది చేరారు, ఎంతమంది పట్టా పుచ్చుకున్నారు అన్నది అందరూ రాస్తారు, నువ్వూ రాయి. సెరంపూర్ సెనేట్ పరీక్షల ఫలితాలు రాసేటప్పుడు, అది సెరంపూర్ కాలేజీ తరఫున మనలాంటి సెమినరీలకి పరీక్షలు పెట్టి పట్టాలిచ్చే సంస్థ అని ఒక్క వాక్యంలో చెప్పు. పల్లెలో చాలామందికి అది వట్టి పేరు. బెంగాల్‌లో 1818లో కేరీ, మార్ష్‌మన్, వార్డ్ అనే మిషనరీలు ఆ కాలేజీ పెట్టారని, తమ ప్రెస్సు మీద, స్కూళ్ల మీద వచ్చిన సంపాదన ఒకే సంచిలో వేసుకుని మిషన్ పనికి ఖర్చుపెట్టిన మనుషులని, 1827లో డెన్మార్క్ రాజు ఇచ్చిన ఛార్టరుతోనే దానికి పట్టాలిచ్చే అధికారం వచ్చిందని చెబితే, మా ఊళ్లో ముసలివాళ్లు చెవులు నిక్కబొడుచుకుని విన్నారు. "అయితే వాళ్లూ చేతి కష్టం పెట్టారన్నమాట" అన్నాడొకాయన. ఆ ఆదివారం కానుక ఎంతొచ్చిందో గుర్తులేదు గాని ఆయన మాట గుర్తుంది.

మధ్యలో మానేసినవాళ్ల సంఖ్య కూడా రాయి. ఎందుకు మానేశారో రాయి. ఇంట్లో అప్పులా, గ్రీకు, హెబ్రీ భాషలు తలకెక్కకనా, పిలుపు లేదని తనకే తెలిసిపోయిందా? మూడూ వేర్వేరు. మూడోదానికి మనం బాధపడనక్కర్లేదు, రెండోదానికి ఒక ట్యూషన్ మాస్టారు కావాలి, మొదటిదానికి డబ్బు కావాలి. సంఘానికి ఇలా విడమర్చి చెబితేనే ఏం చేయాలో తెలుస్తుంది.

ఇంకొకటి, ఇది నేను ఆలస్యంగా నేర్చుకున్నది. ఐదేళ్ల కిందట బయటికెళ్లిన బ్యాచ్‌లో ఒక్కొక్కరికీ ఫోన్ చెయ్యి. ఎవరు ఏ పాస్టరేటులో, అంటే ఒక పాస్టరు కింద ఉండే ఏ సంఘాల్లో, ఉన్నారు, ఎన్ని పల్లెలు తిరుగుతున్నారు, ఎవరు ఈ పని వదిలేసి వేరే ఉద్యోగం చూసుకున్నారు, ఎవరికి జీతం ఆగిపోయింది అడుగు. సెమినరీ ఎదుగుదల ఆ ఫోన్లలో వినిపిస్తుంది. నేను మొదటిసారి అలా చేసినప్పుడు ఒక పిల్లవాడు, "సార్, నాకు ప్రసంగం చెప్పడం నేర్పారు, చావు ఇంటికెళ్లి ఏం మాట్లాడాలో నేర్పలేదు" అన్నాడు. ఆ ఏడాది నివేదికలో ఆ మాట అలాగే పెట్టాను. బోర్డులో కొందరికి నచ్చలేదు. కానీ మరుసటేడు నుంచి చివరి సంవత్సరం పిల్లల్ని నెలకి రెండు రోజులు ఆసుపత్రి వార్డుల్లోకి పంపడం మొదలైంది.

పెళ్లయిన విద్యార్థుల సంగతి మర్చిపోకు. 1912లో మొదటి భారతీయ ఆంగ్లికన్ బిషప్పయిన అజరయ్యగారు దోర్నకల్‌లో సంఘసేవకి తయారయ్యేవాళ్ల భార్యలకి కూడా చదువు చెప్పించారు. పల్లెలో పాస్టరు అయ్యగారు లేనప్పుడు జనం తలుపు తట్టేది ఆయన భార్య, అమ్మగారి దగ్గరే. మీ క్వార్టర్స్‌లో ఉన్న విద్యార్థుల భార్యలకి ఈ ఏడు ఏం నేర్పారు? ఏమీ లేకపోతే ఏమీ లేదని రాయి. అలా రాశాక వచ్చే ఏడాదికి చెయ్యకుండా ఉండలేవు.

ఇప్పుడు డబ్బు. ముందు ఒక్క విద్యార్థి లెక్క తియ్యి. జీతాలు, మెస్సు, కరెంటు, లైబ్రరీ, మరమ్మతులు అన్నీ కలిపి విద్యార్థుల సంఖ్యతో భాగించు. ఊరికే ఉదాహరణకి చెబుతున్నాను, ఏడాదికి ఒక్కొక్కరికి 1,50,000 పడిందనుకో. పిల్లవాడు కట్టేది 40,000. పంపిన సంఘం ఇచ్చేది 50,000. మిగతా 60,000 ఎవరిస్తున్నారు? ఆ 60,000 ఎక్కణ్ణుంచి వస్తోందో చెప్పడమే నీ నివేదికకి గుండెకాయ. కోట్లలో బడ్జెట్ చదివితే ఎవరికీ ఏమీ పట్టదు. "ఒక్క పిల్లవాడికి నెలకి ఐదువేలు తక్కువ పడుతోంది" అంటే ఒక రైతు కూడా వేళ్ల మీద లెక్క వేసుకుంటాడు.

లోటు ఉంటే లోటని రాయి. నా తప్పు ఇక్కడే జరిగింది.

ఒక ఏడాది సంఘాల నుంచి రావలసిన వాటాలు రాలేదు, సిబ్బందికి మూడు నెలల జీతం బకాయి పడింది. అదే సమయంలో పేద విద్యార్థుల స్కాలర్‌షిప్ అని ప్రత్యేకంగా పేరు పెట్టి ఒక సంఘం పంపిన డబ్బు బ్యాంకులో ఉంది. వాటాలు రాగానే తిరిగి వేసేద్దాం అనుకుని అది జీతాలకి వాడాను. వాటాలు రాలేదు. డిసెంబరులో మెస్సు బకాయి కట్టలేక ఒక కుర్రాడు క్రిస్మస్ సెలవులకని రేకుపెట్టె సర్దుకుని వెళ్లాడు. పెట్టె మొత్తం ఎందుకు తీసుకెళుతున్నావని గేటు దగ్గర అడిగాను. "పండక్కి బట్టలు సార్" అన్నాడు. జనవరిలో తిరిగి రాలేదు. ఏప్రిల్లో నివేదికలో "స్కాలర్‌షిప్‌లు యథావిధిగా ఇవ్వబడినవి" అన్న వాక్యం కింద నా సంతకం ఉంది. తర్వాత బోర్డు ముందు ఒప్పుకున్నాను, ఆ సొమ్ము రెండేళ్లలో తిరిగి జమ చేశాం. ఆ పిల్లవాడు మాత్రం రాలేదు.

అందుకని చేతులెత్తి అడుగుతున్నాను. ఏ పేరున వచ్చిన డబ్బు ఆ పేరునే ఖర్చు కావాలి. దేనికది విడి పేజీ పెట్టు. జీతాలకి చాలకపోతే బోర్డుని అత్యవసరంగా పిలువు, సంఘాలకి ఉత్తరం రాయి, మన సిబ్బందిని కూర్చోబెట్టి నిజం చెప్పు. వాళ్లు కోప్పడతారు, కోప్పడనీ. నిజం తెలిసినవాళ్లు నీతోపాటు నిలబడతారు.

రెండవ రాజుల గ్రంథం 12వ అధ్యాయం మళ్లీ చదువు. యూదా రాజు యోవాషు ఏలుబడి 23వ ఏడు వచ్చినా యాజకులు మందిరం బీటలు బాగుచేయలేదు. డబ్బు మాత్రం వస్తూనే ఉంది. అప్పుడు యాజకుడైన యెహోయాదా ఒక పెట్టె తెచ్చి, మూతకి బెజ్జం వేసి, బలిపీఠం పక్కన పెట్టాడు. పెట్టె నిండినప్పుడు రాజుగారి లేఖికుడు, ప్రధాన యాజకుడు ఇద్దరూ వచ్చి లెక్కపెట్టి సంచుల్లో కట్టారు. ఇద్దరు! పౌలు కూడా యెరూషలేములోని పేదలకని పోగైన చందా ఒక్కడే మోసుకెళ్లలేదు, సంఘాలు ఏర్పరచిన సహోదరుణ్ణి తోడు తీసుకెళ్లాడు. కాబట్టి నువ్వు ఒంటరిగా కానుక లెక్కపెట్టకు, ఒంటరిగా చెక్కు మీద సంతకం పెట్టకు. నీ మీద అనుమానంతో చెబుతున్న మాట కాదు. రేపు ఎవరైనా నిన్ను వేలెత్తి చూపితే నీ పక్కన ఇంకో మనిషి ఉండాలి.

విదేశాల డబ్బు గురించి అడిగావు. 2020లో ఎఫ్‌సీఆర్‌ఏ, అంటే విదేశీ విరాళాల నియంత్రణ చట్టం, సవరించాక పాత పద్ధతులు చెల్లవు. విదేశీ విరాళం ముందు ఢిల్లీలోని స్టేట్ బ్యాంక్ మెయిన్ బ్రాంచిలో తెరిచిన ఖాతాలోనే పడాలి. ఒక సంస్థ పేరున తెప్పించి ఇంకో సంస్థకి పంచడం కుదరదు. ఆఫీసు ఖర్చులకి 20 శాతం మించకూడదు, పూర్వం 50 దాకా ఉండేది. కాబట్టి "మా ట్రస్టు ద్వారా తెప్పిస్తాం అయ్యగారూ" అని ఎవరొచ్చినా దణ్ణం పెట్టి పంపించెయ్యి. అమెరికాలో, గల్ఫ్‌లో ఉన్న మనవాళ్లు ఇస్తామంటే, వాళ్ల పాస్‌పోర్టు ఏ దేశానిదో ముందు అడుగు. ఇండియా పౌరుడిగానే ఉండి సొంత సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కిందికి రాదు. అక్కడి పౌరసత్వం తీసుకున్నవాడైతే, మన ఊరివాడే అయినా, మన మేనల్లుడే అయినా, అది విదేశీ విరాళమే. ఇది అడగడానికి మొహమాటపడితే సెమినరీ ఎఫ్‌సీఆర్‌ఏ రిజిస్ట్రేషన్‌కే ముప్పు. మిగతావి ఆడిటరు చూసుకుంటాడు, ఆయనకి కాగితాలు టైముకి ఇవ్వడం నీ పని.

స్థలాల జోలికి వెళ్లకు. మిషన్ కాలం నాటి కాంపౌండులో ఒక మూల అమ్మేస్తే ఐదేళ్ల జీతాలు తీరిపోతాయని ఎవరో ఒకరు ప్రతి మీటింగులోనూ అంటారు. ఐదేళ్ల తర్వాత ఏ మూల అమ్ముతావని అడుగు. దాతలు బ్యాంకులో వేసిచ్చిన మూలధనం ఉంటే దాని వడ్డీ కూడా మొత్తం తినకు. ఐదు లక్షల మీద ఏడు శాతం అంటే 35,000. ఒకప్పుడు దాంతో ఒక పిల్లవాడి ఏడాది మెస్సు సాగి మిగిలేది. ఏటా కొంత వడ్డీ అసల్లో కలపకపోతే, దాత పేరు గోడ మీద ఉంటుంది గాని, పిల్లవాడి కంచంలో అన్నం సగమే ఉంటుంది.

అడగడానికి సంఘాలకి వెళ్లేటప్పుడు విద్యార్థుల్ని వెంట తీసుకెళ్లు, కానీ వాళ్ల పేదరికం చూపించడానికి తీసుకెళ్లకు. చిరిగిన చొక్కా ఫొటో నివేదికలో వేస్తే డబ్బు రావచ్చు. రేపు ఆ పిల్లవాడే ఆ సంఘానికి అయ్యగారుగా వెళ్లాలి, తల ఎత్తుకుని వెళ్లనివ్వాలి. వాళ్లచేత వాక్యం చదివించు, పాట పాడించు. కోతకాలపు పండుగ నాడు గుమ్మడికాయలు, కోడిపుంజులు వేలం వేస్తుంటే మన పిల్లలు పనిలో చెయ్యి కలిపితే చాలు. రసీదు ఆ వారమే పంపు, బియ్యం మూటకి కూడా.

వాటా బకాయి పడిన సంఘాల పేర్లు చదవాలా వద్దా అన్నావు. మొదటి ఏడాది వద్దు. మొత్తం ఎంత రావాలో మాత్రం రాయి. ముందు నువ్వే వాళ్ల దగ్గరికి వెళ్లు. 1964లో రాజమండ్రిలో ఆంధ్ర క్రైస్తవ వేదాంత కళాశాల మొదలైనప్పుడు, ఎవరి సెమినరీ వాళ్లకున్న సంఘాలు తమ బడులు కలుపుకున్నాయి. ఎవరి బాప్తిస్మపు పద్ధతి వాళ్లదే అయినా పిల్లల్ని ఒక్క బెంచీ మీద కూర్చోబెట్టారు. అలా కలిసి నడిచే బడిలో ఒక సంఘం వాటా ఆగితే ఇంకో సంఘం పిల్లవాడి కంచం మీద పడుతుంది. ఇది వాళ్ల వరండాలో కూర్చుని, టీ తాగుతూ, మెల్లగా చెప్పు. నాకు మూడు చోట్ల పని చేసింది. ఒక చోట చేయలేదు, అక్కడ వాళ్ల ఇబ్బంది నిజంగానే పెద్దది.

డ్రాఫ్టు జూన్ మొదటి వారంలో పంపితే చదివి గుర్తులు పెట్టి పంపుతాను. ఫోన్‌కి పంపకు. కంటి ఆపరేషన్ అయ్యాక చిన్న అక్షరాలు కనబడటం లేదు, పెద్దగా ప్రింట్ తీసి పోస్టులో వెయ్యి. ఈ ఏడు ఏ ఊరి నుంచి ఎన్ని కిలోల బియ్యం వచ్చాయో ఒక పట్టిక రాసి పైన పెట్టు, ముందు అదే చూస్తాను.

అమ్మగారికి, పిల్లలకి మా ఇద్దరి వందనాలు చెప్పు.

ప్రభువునందు నీ అన్నయ్య