ఫ్లూవో-4 చుక్కలు చుక్కలుగా వెలిగితే...

ప్రశ్న: హీలా కణాల్లో (ల్యాబుల్లో పెంచే మానవ కణాలు) కాల్షియం చూడ్డానికి, అది తగిలితే వెలిగే డై ఫ్లూవో-4 ఏఎం 10 మైక్రోమోలార్ వేసి, 37 డిగ్రీల దగ్గర గంటసేపు ఉంచుతున్నాను. కణమంతా సమంగా వెలగాల్సింది పోయి చుక్కలు కనిపిస్తున్నాయి. కణంలో కాల్షియం పెంచే హిస్టమిన్ వేసినా మార్పు అంతంతమాత్రమే.
– పరిశోధక విద్యార్థిని, విశాఖపట్నం

జవాబు: డై ఎక్కువైంది, వేడీ ఎక్కువైంది. ఏఎం అన్నది డై మీది రుణావేశాన్ని కప్పే తొడుగు. అది ఉన్నంతసేపూ డై ఏ పొరనైనా దాటిపోతుంది. సైటోప్లాజంలోని ఎస్టరేజులనే ఎంజైములు తొడుగు ఊడదీసేలోపే కొంత డై కాల్షియం నిల్వ ఉండే ఎండోప్లాస్మిక్ రెటిక్యులంలోకి, మైటోకాండ్రియాలోకి జారుకుంటుంది. మీ చుక్కలు చాలావరకు అవే.

ఈసారి 2 మైక్రోమోలార్, 25 డిగ్రీలు, అరగంట చాలు. (మే నెలలో ఏసీ లేని ల్యాబును గది ఉష్ణోగ్రత అనుకోవద్దు.) 50 మైక్రోగ్రాముల వయల్‌కు 45 మైక్రోలీటర్ల తేమ లేని డీఎంఎస్ఓ ద్రావకం పోస్తే సుమారు 1 మిల్లీమోలార్ స్టాక్ వస్తుంది. అందులో 2 మైక్రోలీటర్లు తీసి, డై నీళ్లలో కలవడానికి తోడ్పడే 20 శాతం ప్లూరోనిక్ ఎఫ్-127 అంతే తీసుకుని దానితో ముందే కలిపి, 1 మిల్లీలీటర్ బఫర్‌లో వెయ్యండి. సీరం అస్సలు ఉండకూడదు. అందులోని ఎస్టరేజులు తొడుగును బయటే కోసేస్తే డై ఇక లోపలికి పోదు. ఫ్రీజర్‌లోంచి తీసిన వయల్‌ను చల్లగా ఉండగానే తెరిచినా ఇదే గొడవ, తేమ తగిలి పాడవుతుంది. రెండుసార్లు కడిగి, డై లేని బఫర్‌లో మరో అరగంట ఉంచాకే 488 లేజర్ కింద పెట్టండి. డై బయటికి కారిపోతుంటే 1 మిల్లీమోలార్ ప్రొబెనెసిడ్ కలపండి.

చివర్లో కాల్షియాన్ని పొరలు దాటించి లోపలికి వదిలే అయనోమైసిన్ 5 మైక్రోమోలార్ వేసి చూడండి. వెలుగు ఎగబాకితే డై బాగానే ఉన్నట్టు. అప్పుడు అనుమానం హిస్టమిన్ మీద.

ప్రశ్న: కాల్షియం దొరికితేనే ఫ్లూవో-4 ఎందుకు వెలుగుతుంది? మేమే ఇలాంటి ప్రోబ్ (కాల్షియాన్ని చూపే అణువు) చేసుకుంటే ఏం చూసుకోవాలి?

జవాబు: ఇందులో పట్టు ఒకటి, దీపం ఒకటి. కాల్షియాన్ని పట్టుకునే పట్టు బాప్టా. కాల్షియాన్ని పట్టే ఈజీటీఏ అనే రసాయనానికి బెంజీన్ వలయాలు చేర్చి, పీహెచ్ 7 దగ్గరి చిన్న తేడాలకు చలించకుండా శాస్త్రవేత్త రోజర్ సియెన్ 1980లో చేసినది. పట్టు ఖాళీగా ఉంటే దాని నైట్రోజన్‌పై ఉన్న ఎలక్ట్రాన్ జంట దీపాన్ని ఆర్పేస్తుంది. కాల్షియం వచ్చి ఆ జంటను కట్టేస్తే దీపం వెలుగుతుంది.

అన్నిటికంటే ముందు తేల్చుకోవాల్సింది పట్టు బిగువు. విశ్రాంతిలో సైటోప్లాజం కాల్షియం 100 నానోమోలార్ దగ్గర ఉంటుంది, ఉద్దీపన వస్తే 1000 దాకా పోతుంది. ఫ్లూవో-4 కేడీ (పట్టు సగం నిండే కాల్షియం గాఢత) 345, సరిగ్గా ఆ నడుమ. రెటిక్యులంలో మాత్రం వందల మైక్రోమోలార్లు. అక్కడ ఈ పట్టు ఎప్పుడూ నిండే ఉంటుంది. పైన విశాఖ పాఠకురాలి చుక్కలు హిస్టమిన్‌కు పెద్దగా కదలనిది అందుకే. రెటిక్యులాన్ని చూడటమే మీ పని అయితే పట్టు బాగా వదులుగా ఉన్న ప్రోబ్ కావాలి.