200 యూనిట్లు ఉచితంగా వస్తుంటే డాబా మీద సోలార్ ఎందుకు?

తెలంగాణలో గృహజ్యోతి కింద 200 యూనిట్ల దాకా కరెంటు ఉచితమైనప్పుడు, కేంద్రం ఇచ్చే సబ్సిడీతో సోలార్ పెట్టించుకోవడం దండగ కాదా అని మీరు అడిగారు. హనుమకొండలోని మా ఇంటి మీద 3 కిలోవాట్ల సోలార్ పెట్టించుకున్న అనుభవంతో చెబుతున్నాను. మీకు తెల్ల రేషన్ కార్డు ఉండి, ఎండాకాలంలో కూడా వాడకం 200 యూనిట్లు దాటకపోతే, డబ్బు లెక్కన మీకు దీనివల్ల మిగిలేది దాదాపు ఏమీ ఉండదు. మా ఇంట్లో రెండు ఏసీలు ఉండడంతో వేసవి నెలల్లో వాడకం 300 దాటి, ఆపైన యూనిట్‌కు 9 రూపాయల శ్లాబులోకి వెళ్లేది. సోలార్ ముందుగా తగ్గించేది ఆ ఖరీదైన యూనిట్లనే కాబట్టి మాకు గిట్టుబాటైంది.

డాబాల మీద సోలార్‌కు సబ్సిడీ ఇచ్చే పీఎం సూర్యఘర్ పథకాన్ని కేంద్రం 2024 ఫిబ్రవరిలో, కోటి ఇళ్ల లక్ష్యంతో, 75,021 కోట్ల రూపాయల వ్యయ అంచనాతో తెచ్చింది. అదే నెలాఖరున ఇక్కడ గృహజ్యోతి మొదలైంది. రెండూ మంచి పథకాలే అయినా, తక్కువ వాడకం ఉన్న ఇంటికి సోలార్ అవసరమే లేకుండా రెండోది చేసేసింది. ఉచిత యూనిట్ల కోసం ప్రభుత్వం పంపిణీ సంస్థకు నెలనెలా చెల్లించే సొమ్ములో కొంత, ఒక్కసారి ఆ ఇళ్ల కప్పుల మీద పెట్టి ఉంటే బాగుండేదని నా అభిప్రాయం. ఆంధ్రప్రదేశ్ ఎస్సీ, ఎస్టీ కుటుంబాల విషయంలో ఆ దారినే ఎంచుకుని, 2 కిలోవాట్ల సోలార్‌ను ఉచితంగా పెట్టించే కార్యక్రమం చేపట్టింది.

సబ్సిడీ 2 కిలోవాట్ల వరకు కిలోవాట్‌కు 30,000 రూపాయలు. 3 కిలోవాట్లకు, అంతకు మించినా, మొత్తం కలిపి 78,000 మాత్రమే. అది పని పూర్తయ్యాక మీ ఖాతాలో పడుతుంది కనుక, ముందుగా మొత్తం ఖర్చు మీరే పెట్టుకోవాలి, లేదా బ్యాంకు రుణం తీసుకోవాలి. ప్యానెళ్లు, వాటిలోని సెల్స్ కూడా దేశంలో తయారైనవే అయి ఉండాలన్న నిబంధన వల్ల ధర కొంత పెరుగుతుంది.

ఎండ బాగా కాసిన రోజు మాకు 12 యూనిట్లు దాటి వస్తాయి, ముసురు పట్టినప్పుడు నాలుగైదుకు పడిపోతాయి. పగలు మిగిలినది గ్రిడ్‌కు, అంటే అందరికీ కరెంటు అందించే లైన్లకు, వెళుతుంది, రాత్రి వాడుకున్నది గ్రిడ్ నుంచి వస్తుంది, నెట్ మీటరు ఈ రెండింటినీ సరిచూస్తుంది. అయితే మనం సాయంత్రం వెనక్కి తీసుకునే కరెంటులో ఎక్కువ భాగం బొగ్గుదే. 2025లో దేశ స్థాపిత సామర్థ్యంలో, అంటే ప్లాంట్లన్నీ కలిసి గరిష్ఠంగా ఉత్పత్తి చేయగల విద్యుత్తులో, సగం శిలాజేతర వనరులకు (బొగ్గు, గ్యాస్ లాంటివి కాని వాటికి) చేరిందని ప్రభుత్వం ప్రకటించింది కానీ, నిజంగా ఉత్పత్తయ్యే విద్యుత్తులో సింహభాగం ఇంకా బొగ్గు నుంచే వస్తోంది. నిల్వ సౌకర్యం పెరగనిదే ఈ తేడా తగ్గదు.

మరో సంగతి చాలామంది చెప్పరు: బ్యాటరీ లేని ఇలాంటి సోలార్ ఉన్నా, వీధిలో కరెంటు పోతే ఇంట్లోనూ పోతుంది. తీగల మీద పనిచేసే లైన్‌మన్‌కు ప్రమాదం కలగకుండా, ప్యానెళ్ల కరెంటును ఇంటికి పనికొచ్చేలా మార్చే ఇన్వర్టరు తనంతట తానే ఆగిపోతుంది.

దరఖాస్తు చేసే ముందు, మీ కరెంటు సర్వీసు (కనెక్షన్) ఎవరి పేరున ఉందో చూసుకోండి. మాది నాన్నగారి పేరునే ఉండడంతో ముందు పేరు మార్పిడి చేయించాల్సి వచ్చింది, ఎక్కువ ఆలస్యం జరిగింది అక్కడే.